మావాడు థర్డ్ ఇయర్ కాదు వదినా!

రెండేళ్ల క్రితం మాఘమాసంలో మావారి అక్క కూతురి పెళ్లి. భోజనాల దగ్గర వదిన నా పక్కన కూర్చుని, "మీవాడు థర్డ్ ఇయర్ కదూ? ప్లేస్‌మెంట్లు మొదలయ్యాయా?" అని అడిగింది. "ఆఁ, మొదలవుతాయి" అన్నాను. ముద్ద గొంతు దిగలేదు. అప్పటికి మావాడు కాలేజీ మానేసి ఏడు నెలలైంది. పెళ్లికి ఎందుకు రాలేదంటే "పరీక్షలు" అని ఇంకో అబద్ధం.

సెకండ్ ఇయర్‌లో డిటెయిన్ అయ్యాడు. ఈ మాట తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంజనీరింగ్‌లో 75 శాతం హాజరుండాలి. 65 దాకా ఉంటే సరైన కారణం చూపించి, డబ్బు కట్టి గట్టెక్కవచ్చు. అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, కింది బ్యాచ్‌తో మళ్లీ కూర్చోవాలి. హాజరున్నా చాలినన్ని క్రెడిట్లు రాకపోతే పై తరగతికి పంపరు. జేఎన్‌టీయూ నిబంధనల్లో అయితే నాలుగేళ్ల చదువు ఎనిమిదేళ్లలో పూర్తికాకపోతే సీటే పోతుంది. మావాడికి హాజరూ చాలలేదు, క్రెడిట్లూ చాలలేదు. తప్పు వాడిది కాదని నేననను. క్లాసులు ఎగ్గొట్టింది వాడే.

మరి మేమేం చేశాం? దాచాం. మావారు "ఎవరికీ చెప్పకు" అన్నారు. నేను ఇంకో నాలుగడుగులు ముందుకేశాను. పనమ్మాయికి కూడా అనుమానం రాకూడదని రోజూ ఎనిమిదింటికల్లా లంచ్ బాక్స్ కట్టి పంపేదాన్ని. వాడు తార్నాక నుంచి నడుచుకుంటూ ఉస్మానియా క్యాంపస్‌లోకి పోయి, చెట్ల కింద కూర్చుని, సాయంత్రానికి ఖాళీ బాక్స్ తెచ్చేవాడు. కన్నబిడ్డను సొంత ఇంట్లో దొంగను చేశాను.

పెళ్లి నుంచి వచ్చాక ఒకరోజు మనసాగక వాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా కనిపించాడు. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "అమ్మా, ఫెయిలయ్యానని కాదు. నన్ను చూసి నువ్వు సిగ్గుపడుతున్నావే, అది తట్టుకోలేకపోతున్నా" అన్నాడు. నా కాళ్లు చల్లబడ్డాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలొచ్చాక తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలు చదివి కళ్లు తుడుచుకున్నదాన్ని, నా ఇంట్లో నేనేం చేస్తున్నాను?

నిజం చెప్పాలంటే నేను కాపాడింది వాణ్ణి కాదు, నన్ను. పిల్లాడు పాసైతే "వాళ్ల నాన్న పోలిక". ఫెయిలైతే "తల్లి ఏం చేస్తోంది ఇంట్లో కూర్చుని?" ఉద్యోగం లేని ఆడదానికి పిల్లల మార్కులే జీతం కింద లెక్క. ఆ మాట పడలేక అబద్ధమాడాను. దాని ఖరీదు మాత్రం వాడు కట్టాడు.

"పరువు పోదా?" అంటారు. పరువు మనది, ప్రాణం వాడిది. "ఇన్ని లక్షలు పోశాం, మధ్యలో మానేస్తే ఎలా?" అంటారు. పోసింది ఎలాగూ తిరిగి రాదు. ఇష్టం లేని చదువులో ఇంకో నాలుగేళ్లు పోయడం దేనికి? అందరూ మానేయమని నేను చెప్పడం లేదు. ఆ చదువు మీద మనసుంటే జూనియర్లతో కూర్చుని పూర్తిచేయడంలో సిగ్గేమీ లేదు. మనసు లేదని పిల్లలు చెబితే మాత్రం వినండి.

కాలేజీల సంగతీ చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం వెళితే, మిగిలిన రెండేళ్ల ఫీజు కడితేనే ఇస్తామన్నారు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. మనమేమో తప్పు మనదే అన్నట్టు తలొంచుకుని బేరమాడతాం. మేం రాతపూర్వకంగా అడిగాం. నెల తిరిగాక ఇంటర్ మెమో, టీసీ చేతికొచ్చాయి.

2020 జాతీయ విద్యా విధానం ఏమంటోంది? ఏడాది చదివి ఆపితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. వచ్చిన క్రెడిట్లు బ్యాంకులో డబ్బులా దాచుకోవచ్చట. అయితే చేరబోయే చోట ఒప్పుకుంటేనే వాటికి విలువ. మావాడి ఇంజనీరింగ్ క్రెడిట్లు బీఏలో పనికిరాలేదు, మొదటి నుంచి మొదలుపెట్టాడు. అయినా సర్కారువారే మధ్యలో ఆగి మళ్లీ రావచ్చు అంటుంటే, మన ఇళ్లలో అది ఇంకా చావుకబురే!

సాయంత్రాలు వాకింగ్‌కి ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్లేవాళ్లు గమనించే ఉంటారు. లైబ్రరీ చుట్టుపక్కల ముప్పై దాటినవాళ్లు కూడా గ్రూప్స్‌కనీ నెట్‌కనీ పుస్తకాలు పట్టుకుని కనిపిస్తారు. "నీ వయసెంత, నీ బ్యాచ్ ఏది" అని అక్కడెవరూ అడగరు. ఎన్ని వేలమందిని చూసిందో ఆ చోటు! ఒక ఏడాది ఆలస్యం దానికొక లెక్కా? లెక్క మనకే.

ఉగాదినాడు వదినకు ఫోన్ చేశాను. "మావాడు థర్డ్ ఇయర్ కాదు వదినా. డిటెయిన్ అయ్యాడు, ఇంజనీరింగ్ మానేశాడు. దోస్త్‌లో బీఏకి పెడుతున్నాం" అన్నాను. "అయ్యో!" అంది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోయింది. నాకు పాతిక ఫోన్లు తప్పాయి. ఆకాశం మాత్రం ఊడిపడలేదు.

పెళ్లిళ్లలో ఈ ప్రశ్నలు అడిగేది ఎక్కువగా మనమే, ఒప్పుకుందాం. ఈసారి ఎవరి పిల్లాడైనా ఎదురైతే ఏ ఇయరో, ఎంత పర్సంటేజో అడక్కండి. "అన్నం తిన్నావా నాన్నా?" అనండి, చాలు.

ఆ శ్రావణంలో వదినావాళ్ల గృహప్రవేశానికి మావాడు తనంతట తనే బయల్దేరాడు. బంతిలో సాంబారు వడ్డిస్తుంటే ఎవరో అడగనే అడిగారు. బకెట్ దించకుండానే చెప్పాడు, "బీఏ ఫస్టియర్ అత్తయ్యా. ఇంకొంచెం వెయ్యనా?"