తల్లి ఆవు పోయి కొన్న కోడె వచ్చె: బంగ్లాదేశ్ చిన్న రైతు కొత్త లెక్క

ఒక దేశం తన సరిహద్దును బిగిస్తే పొరుగు దేశపు పశువుల కొట్టంలో ఎటువంటి మార్పు వస్తుందో తెలుసుకోవాలంటే బంగ్లాదేశ్ పల్లెలను పరిశీలించాలి. రెండు ఆవులను పెట్టుకుని, వాటి పాలు కొంత అమ్ముకుని, పుట్టిన దూడను పెంచి సంతకు తోలే పద్ధతి అక్కడ తరతరాలుగా ఉన్నది. దాని స్థానంలో నేడు మరొక పద్ధతి బలపడింది. బక్కచిక్కిన కోడెను సంతలో కొని, నాలుగైదు నెలలు మేపి, బక్రీదు ముందు అమ్మి సొమ్ము చేసుకోవడమే ఆ పద్ధతి. దేశానికి మాంసం కొరత తీర్చిన ఘనత ఈ మార్పుకు కొంతవరకు దక్కుతుంది. అయితే పశుపోషణలోని నష్టభయాన్ని అది ఎవరి భుజాల మీద మోపింది, రేపటి కోడెలు ఏ ఆవు కడుపున పుట్టాలి అన్న రెండు ప్రశ్నలకు మాత్రం సంతృప్తికరమైన సమాధానం ఇంతవరకు లభించలేదు.

సరిహద్దు తెచ్చిన మార్పు

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య 4,096 కిలోమీటర్ల సరిహద్దు ఉన్నది. పశువులను ఆ సరిహద్దు దాటించడం భారత చట్టాల దృష్టిలో దొంగ రవాణా. బంగ్లాదేశ్‌లో మాత్రం దానికి ఒక విధమైన అధికార ముద్ర ఉండేది. దాటి వచ్చిన పశువును యజమాని లేని సొత్తుగా పరిగణించి, తలకు 500 టాకాల సుంకం కట్టించుకుని, వ్యాపారి చేతికి చట్టబద్ధంగా అప్పగించేవారు. వివిధ అంచనాల ప్రకారం ఈ విధంగా ఏటా సుమారు 20 లక్షల పశువులు సరిహద్దు దాటేవి. ఉత్తర భారతంలో పనికిరాకుండా పోయిన ఎద్దు, ఒట్టిపోయిన ఆవు, ఎవరికీ అక్కరలేని కోడెదూడ ఢాకా, చిట్టగాంగుల మాంసపు దుకాణాలకు చేరేవి.

2014లో కేంద్రంలో ప్రభుత్వం మారిన తరువాత పరిస్థితి వేరయింది. 2015 ఏప్రిల్‌లో నాటి హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పశ్చిమ బెంగాల్ సరిహద్దును సందర్శించి, పశువుల రవాణాను పూర్తిగా అరికట్టవలసిందిగా సరిహద్దు భద్రతా దళాన్ని ఆదేశించారు. బంగ్లాదేశ్‌లో గోమాంసం ధర పెరిగి, ప్రజలు దానిని తినడం మానుకునేటంతగా నిఘా ఉండాలన్నది ఆయన మాటల సారాంశం.

ధర పెరిగిన మాట వాస్తవం. 2014లో ఢాకాలో కిలో సుమారు 300 టాకాలకు దొరికిన గోమాంసం 2023 నాటికి 750 టాకాలకు చేరింది. అయితే తినేవారు మానుకోవడానికి బదులు మేపేవారు పెరిగారు. ధర పెరగడమే బంగ్లా రైతుకు పిలుపయింది. కొద్ది సంవత్సరాలలోనే బక్రీదుకు కావలసిన పశువులన్నీ స్వదేశంలోనే లభ్యమవుతున్నాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించగలిగింది. పొరుగు దేశాన్ని లొంగదీయడానికి ఉద్దేశించిన చర్య ఆ దేశపు రైతుకు రక్షణ సుంకంగా పనిచేసిందన్న మాట.

ఆవు ఎందుకు బరువయింది?

సరిహద్దు బిగింపు ఒక్కటే ఈ మార్పుకు కారణం కాదు. తల్లి ఆవును పోషించడం అంతకు ముందు నుంచే చిన్న రైతుకు బరువవుతూ వచ్చింది. పవర్ టిల్లర్ వచ్చిన తరువాత ఎద్దుల అవసరం తగ్గింది. ఎద్దు అక్కరలేనప్పుడు ఎద్దును కనే నాటు ఆవు విలువ కూడా తగ్గుతుంది. ఊరుమ్మడి బీళ్ళు సాగులోకి వచ్చి మేత భూమి కరవయింది. ఏడాదికి రెండు, మూడు పంటలు తీసే నేలలో పశుగ్రాసానికి సెంటు భూమి కేటాయించే స్తోమత అర ఎకరం రైతుకు ఉండదు.

ఆవుకు సెలవు లేదు. పాలిచ్చినా, ఒట్టిపోయినా, చూడి కట్టకపోయినా మేత పెట్టక తప్పదు. నాటు ఆవు ఇచ్చే పాలు రోజుకు ఒకటి రెండు లీటర్లు. అవి దూడకు పోగా ఇంటికి మిగిలేది స్వల్పం. ఈతకూ ఈతకూ నడుమ ఏడాదిన్నర వరకు గడుస్తుంది. పుట్టిన దూడ అమ్మకానికి రావడానికి మరో రెండేళ్ళు పడుతుంది. ఈ మూడేళ్ళకు పైబడిన కాలంలో పెట్టుబడి కొట్టంలోనే చిక్కుకుని ఉంటుంది.

కొన్న కోడె సంగతి వేరు. అది కొట్టంలో ఉండేది నాలుగు నుంచి ఆరు నెలలు. ఎండుగడ్డికి యూరియా, బెల్లపు మడ్డి కలిపి పెట్టే విధానాన్ని పశుపోషకులకు శాస్త్రజ్ఞులు, విస్తరణాధికారులు నేర్పారు. తవుడు, గోధుమ పొట్టు, తెలకపిండి తోడయితే బక్కచిక్కిన కోడె చూస్తూ ఉండగానే కండ పడుతుంది. ఇంటి ఆడవారు పెరటిలోనే ఈ పని చూసుకోగలరు. సూక్ష్మ రుణ సంస్థలకు కూడా ఇది నచ్చిన వ్యాపారం. అప్పు ఎప్పుడు తీరుతుందో పండుగ తేదీయే చెబుతుంది. పాబ్నా, సిరాజ్‌గంజ్, కుష్టియా జిల్లాలలో పూర్వం నుంచీ ఉన్న ఈ వృత్తి 2014 తరువాత ఇతర జిల్లాలకు కూడా విస్తరించడంలో ఆశ్చర్యం లేదు.

ఇది ఒక్క బంగ్లాదేశ్ కథ కాదు. యూరపులో 2015లో పాల కోటాలు రద్దయిన తరువాత ఐర్లండులోనూ మాంసపు దూడల కోసం ఆవులను పోషించే చిన్న రైతుల మందలు తగ్గుతూ వచ్చాయి. పాడి క్షేత్రాలలో పుట్టిన దూడలను కొని పెంచే పద్ధతికి ప్రాముఖ్యం పెరిగింది. తల్లిని పోషించే ఖర్చు దూడ ధరలో రానప్పుడు ఏ దేశపు రైతయినా ఇదే దారి పడతాడు.

లాభం ఎవరికి? నష్టం ఎవరికి?

ఈ వ్యాపారంలోని సున్నితమైన లెక్కను ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చును. రైతు 60 వేల టాకాలకు కోడెను కొన్నాడనుకుందాము. దాణా, మందులు, వడ్డీ కలిసి 20 వేలు అయ్యాయి. 95 వేలకు అమ్మితే 15 వేలు మిగులుతుంది. అమ్మకపు ధర పదో వంతు తగ్గితే మిగిలేది 5,500 మాత్రమే. దానితో పాటు దాణా ఖర్చు మూడో వంతు పెరిగితే నష్టమే. అమ్మకపు ధరలో చిన్న మార్పు లాభంలో పెద్ద గండి కొడుతుంది. సొంత ఆవుకు పుట్టిన దూడ అయితే ధర పడిపోయినప్పుడు మరో ఏడాది ఉంచుకోవచ్చును. అప్పు చేసి కొన్న కోడెకు ఆ వెసులుబాటు లేదు. పండుగ దాటిన మరునాటి నుంచి అది మేత తినే అప్పుగా మారుతుంది.

గత అనుభవాలు ఈ భయాన్ని ధ్రువపరుస్తున్నాయి. మేకలు, గొర్రెలతో కలిపి 2019 బక్రీదుకు కోటీ 6 లక్షల పశువులు బలి కాగా, కరోనా వ్యాపించిన 2021లో ఆ సంఖ్య 91 లక్షలకు పడిపోయింది. ఆ ఏడాది పండుగకు సిద్ధం చేసినవి కోటీ 19 లక్షలు. 2024లో సంఖ్య కోటీ 4 లక్షలకు కోలుకున్నది. 2025లో తిరిగి 91 లక్షలకు దిగజారింది. ఆ సంవత్సరం అధికారిక లెక్కల ప్రకారమే 33 లక్షల పశువులు మిగిలిపోయాయి. ఏడాదికి ఒక్క వారంపాటు సాగే సంత మీద లక్షలాది కుటుంబాల ఏడాది ఆదాయం ఆధారపడి ఉండడంలోని ప్రమాదాన్ని ఈ అంకెలు చెప్పకనే చెబుతున్నాయి.

పండుగ చాంద్రమానాన్ని అనుసరించేది కావడం మరొక చిక్కు. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక దశాబ్దంలో అది వరదల కాలంలో వస్తే, మరొక దశాబ్దంలో ఎండలలో వస్తుంది. 2020లో పండుగ ఆగస్టు 1న వచ్చింది. అప్పటికి ఉత్తర జిల్లాలు వరదలలో మునిగి ఉన్నాయి. కొట్టం మునిగిన రైతు గిట్టుబాటు ధర కోసం వేచి ఉండగలడా?

దాణా ధర మూడవ చిక్కు. గోధుమ పొట్టు, మొక్కజొన్న, సోయా చెక్కల విషయంలో బంగ్లాదేశ్ విదేశాల మీద గణనీయంగా ఆధారపడి ఉన్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, అదే ఏడాది మే నెలలో భారత్ విధించిన గోధుమల ఎగుమతి నిషేధం, టాకా విలువ పతనం ఒకదాని వెంట ఒకటి వచ్చి రైతు నడుము విరిచాయి. తొందరగా కండ పట్టించాలన్న ఆత్రంలో కొందరు స్టెరాయిడ్ మాత్రలు వాడడం కూడా ఈ ఒత్తిడి ఫలితమే. పశువుల దాణాలో అటువంటి మందులను 2010 నాటి చట్టం నిషేధించింది. ఆ మందులు కండను కాక నీటిని పెంచుతాయని, మూత్రపిండాలు చెడి పశువు సంతకు చేరకముందే చనిపోవచ్చునని తెలిసి కూడా వాడకం పూర్తిగా ఆగలేదు.

ఊరూరి సంతల నుంచి తెచ్చిన పశువులు రోగాలను కూడా తమతో తెస్తాయి. గాలికుంటు, గొంతువాపు వంటి వ్యాధులు పశువుల రాకపోకలతో వ్యాపిస్తాయి. చర్మంపై ముద్దలు లేచే లంపీ వ్యాధి 2019లో బంగ్లాదేశ్‌లోనూ, అదే ఏడాది మన ఒడిషాలోనూ తొలిసారి కనిపించింది. పుట్టిన కొట్టంలోనే పెరిగిన దూడకు ఉండే రక్షణ నాలుగు సంతలు తిరిగి వచ్చిన కోడెకు ఉండదు.

కోడె ఎక్కడ పుట్టాలి?

అందరూ కోడెలను కొనేవారే అయితే ఆవులను పెట్టుకునేవారెవరు? బంగ్లాదేశ్‌లో అధికారిక లెక్కల ప్రకారం ఆవు జాతి పశువులు సుమారు రెండున్నర కోట్లు ఉన్నాయి. కోడెలలో అధిక భాగం ఒకటి రెండు ఆవులున్న నిరుపేద ఇళ్ళలోనే పుడుతున్నాయి. కోడెదూడలకు గిరాకీ పెరిగితే ఆ ఇళ్ళకు మేలు జరగాలి. వాస్తవంలో జరుగుతున్నది అది కాదు. పిల్ల పెళ్ళికో, వైద్యానికో, వరి నాట్లకో డబ్బు అవసరమైన రోజున దూడను లేతవయసులోనే బేరగాడికి అప్పగిస్తారు. రెండు మూడు సంతలు మారిన తరువాత దాని ధర పెరుగుతుంది. ఆ పెరుగుదల మధ్యవారికి పోతుంది. తల్లిని పోషించినవారికి తక్కువ ధర, కోడెను మేపేవారికి ఎక్కువ ఖర్చు మిగులుతాయి.

ఈ పరిస్థితి కొనసాగితే ఆవును ఉంచుకోవడం మరింత దండుగ అనిపిస్తుంది. చూడి ఆవులు కూడా కటికవాని పాలవుతాయి. అప్పుడు కోడెల కొరత ఏర్పడి, మేపేవారి వ్యాపారమే దెబ్బ తింటుంది. కోడెలను మేపే వృత్తి తన కాళ్ళ కింది నేలను తానే తవ్వుకుంటున్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

సరిహద్దుకు ఈవలి దృశ్యం

సరిహద్దుకు ఆవల కోడె కోసం అప్పు చేస్తున్నారు. ఈవల కోడెను ఊరవతల వదిలివేస్తున్నారు. 2019 పశుగణన ప్రకారం భారత్‌లో ఆవు జాతి పశువులు 19.25 కోట్లు. 2012తో పోలిస్తే ఆడ పశువులు 18 శాతం పెరిగి 14.51 కోట్లకు చేరగా, మగ పశువులు 30 శాతం తగ్గి 4.74 కోట్లకు పడిపోయాయి. దిక్కులేక తిరిగే పశువులు 50 లక్షలకు పైనే. ట్రాక్టరు వచ్చి ఎద్దుకు పని పోయింది. అనేక రాష్ట్రాలు తెచ్చిన కఠిన చట్టాల వల్ల ముసలి పశువును కొనేవారు కరవయ్యారు. ఒట్టిపోయిన ఆవును అమ్మిన సొమ్ముకు కొంత కలిపి పాడి ఆవును కొనుక్కునే పాత ఏర్పాటు తెగిపోయింది. ఉత్తరప్రదేశ్‌లో రైతులు రాత్రివేళ పొలాలకు కావలి కాస్తున్నారు. దిక్కులేని పశువుల పోషణకు అక్కడి ప్రభుత్వం ఒక్కొక్కదానికి రోజుకు 30 రూపాయలు, తరువాత 50 రూపాయలు చెల్లించవలసి వచ్చింది.

మతవిశ్వాసాలు, చట్టాలు, రెండు దేశాల రాజకీయాలు ముడిపడి ఉన్న ఈ విషయంలో సరిహద్దు తిరిగి తెరుచుకుంటుందని ఆశించడం అవాస్తవికం. అయితే రెండు వైపులా దెబ్బ తింటున్నది మాత్రం తల్లి ఆవును పోషించే చిన్న రైతే.

తెలుగు నాట పాఠం

తెలుగు ప్రాంతాలలో ఇదే ధోరణి గొర్రెల విషయంలో కనిపిస్తున్నది. మందను తిప్పే కాపరులు, బీళ్ళు తగ్గుతున్నకొద్దీ మూడు నాలుగు నెలల పొట్టేలు పిల్లలను సంతలో కొని, కొట్టంలోనే దాణా పెట్టి బక్రీదుకో, దసరాకో అమ్మే రైతులు పెరుగుతున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ చేసే పథకం చేపట్టింది. ప్రభుత్వం తల్లి గొర్రెలను పంచితే, మార్కెట్టు కొట్టంలో మేపిన పొట్టేలుకు ధర పలుకుతున్నది. తల్లి మందను నిలిపి ఉంచే మేత భూమి, వైద్యం, బీమా సమకూర్చకుండా జీవాలను మాత్రమే పంచితే అవి ఎంతకాలం నిలుస్తాయన్నది ఆలోచించవలసిన విషయం. మన గేదెల పాడిలోనూ దున్నదూడ పుడితే పాలు దండుగ అనుకుని దానిని పస్తులు పెట్టే ఇళ్ళు తక్కువేమీ కాదు. మగ దూడలను బతికించి పెంచే పథకాన్ని కేంద్రం 11వ పంచవర్ష ప్రణాళికలో చేపట్టింది. నేటికీ ఆ సమస్య తీరలేదు.

కర్తవ్యం

కొని మేపే పద్ధతిని నిందించి ప్రయోజనం లేదు. భూమి లేని ఇంటికి, మగ్గిపోతున్న పెరటి శ్రమకు అది అన్నం పెడుతున్నది. కావలసింది దానికి అండ. పండుగ తేదీకి కాక పశువు అమ్ముడయ్యే తేదీకి ముడిపడిన రుణాలు ఇవ్వాలి. పండుగ దాటి మిగిలిన పశువులకు ఏడాది పొడుగునా మార్కెట్టు చూపాలి. పశువు చనిపోతే ఆదుకునే బీమా ఉండాలి. అమ్మకానికి తోలే ముందు టీకాలు తప్పనిసరి కావాలి. వీటన్నిటికంటె ముఖ్యంగా దూడకు పాలు విడిచే వయసులోనే తూకం ప్రకారం ధర దక్కే ఏర్పాటు ఆవు యజమానికి జరగాలి. బేరగాడి చేతి గుడ్డ కింద వేళ్ళతో తేలే ధరకు బదులు అందరి ఎదుట కాటా మీద తేలే ధర వస్తే, ఆవును ఉంచుకోవడం మళ్ళీ గిట్టుబాటు కావచ్చును.

కోడెను నాలుగు నెలలలో బలిపించవచ్చును. ఆవు జాతిని నిలబెట్టడానికి తరాలు పడుతుంది. నాలుగు నెలల లాభానికి పెట్టుబడులు, పథకాలు అన్నీ తరలిపోయి, తల్లి ఆవును పోషించే పేద ఇంటిని గాలికి వదిలేస్తే, ధర ఎంత పలికినా సంతకు తోలడానికి కోడె దొరకని రోజు వస్తుంది. ఆ రోజు రాకముందే మేలుకోవలసిన బాధ్యత ఒక్క ఢాకాదే కాదు.