ఒకటిన్నర రోజు నడక, 12 లక్షల ఎకరాలు

భూమి లాక్కోవాలంటే తుపాకీయే అక్కర్లేదు. ఒక కాగితం, ఒక కొలత చాలు. అమెరికాలో లెనపే ఆదివాసులకు జరిగింది ఇదే.

పెన్సిల్వేనియా అప్పట్లో బ్రిటిష్ వలస. దాన్ని స్థాపించిన విలియం పెన్‌కు లెనపేలతో మర్యాదగా ఉన్నాడని పేరు. ఆయన పోయాక కొడుకులు అప్పుల్లో పడ్డారు. డెలావేర్ నది పక్కన లెనపేల భూముల మీద కన్నేసి, అవి తమవి కాకముందే అమ్మకానికి పెట్టారు. తర్వాత ఒక కాగితం తీశారు. 1686లో మీ పెద్దలు మా నాయనకు భూమి రాసిచ్చారు, ఒక మనిషి ఒకటిన్నర రోజులో ఎంత దూరం నడిస్తే అంతవరకూ మాదే అన్నారు. చూపించింది నకలే, అసలు పత్రం లేదు. 1737లో లెనపే పెద్దలు సరేనన్నారు. నడక అంటే వాళ్లకు తెలిసింది మామూలు నడకే. నది వెంబడి పోతూ, మధ్యలో కూచుని తింటూ సాగే నడక.

పెన్‌లు చేసింది వేరు. ముందే చెట్లు కొట్టించి దారి తీయించారు. బలమైన ముగ్గురిని ఎంచి, 500 ఎకరాల ఆశ చూపారు. సెప్టెంబర్ 19న బయల్దేరదీశారు. ఇది నడక కాదు, పరుగు అని వెంట వచ్చిన లెనపేలు మొత్తుకున్నారు. ఎవరు వింటారు? ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే చివరిదాకా పోయాడు, సుమారు వంద కిలోమీటర్లు. ఆ చోటు నుంచి నదికి సూటిగా గీయాల్సిన గీతను ఏటవాలుగా గీశారు. దాదాపు 12 లక్షల ఎకరాలు పోయాయి.

లెనపేలు కదలమన్నారు. 1742లో ఇరోక్వా నాయకుల చేతే వాళ్లను వెళ్లిపొమ్మనిపించారు. ఆదివాసీ మీదికి ఆదివాసీని ఉసిగొల్పడం మనం చూడనిదా?

2004లో లెనపేల వారసులు సుమారు 315 ఎకరాల కోసం కోర్టుకెక్కారు. మోసం జరిగిందనే అనుకున్నా, పాలకులు రద్దు చేసిన హక్కు మీద విచారణ కుదరదని 2006లో అప్పీలు కోర్టు తేల్చింది.

అందుకే చెప్తున్నా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కొలత జరిగే రోజే మనం అక్కడుండాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో హక్కు తేల్చే పని మొదలయ్యేది గ్రామసభలోనే. పోడు భూమిని పరిశీలించేది ఊరి అటవీ హక్కుల కమిటీ. ఊరి పెద్దల మాట రాసి పెడితే అదీ సాక్ష్యమే అని నిబంధనలే చెప్తున్నాయి. లెనపేలకు ఇవేవీ లేవు. మనకు ఉండి కూడా వాడకపోతే?

సర్వేకి ఎవరైనా వస్తే గీత ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది అని దగ్గరుండి చూడండి. మ్యాప్ నకలు అడిగి తీసుకోండి. చదవని కాగితం మీద వేలిముద్ర వెయ్యనివ్వొద్దు. తాతలు, అవ్వల మాటలు ఇప్పుడే రాయించండి.

జై ఆదివాసీ!