పాత్రను వంచే చేయి



జగ్గయ్యపేటలోని మా ఇంట్లో మోతీ అనే తెల్లపిల్లి ఉంది. నందిగామలో ఉంటున్న మా ఆపా ఇంట్లో పుట్టి, రెండు నెలల కూనగా మా గడప తొక్కింది. పెట్టినదల్లా తినే రకం కాదు. పాలన్నం మరీ మెత్తబడితే ముట్టదు. నిన్నటి చేపను వాసన చూసి వెనుదిరుగుతుంది. అందుకే, ఒక రంజాన్ పండుగ మరునాడు అది గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, ముఖం తిప్పుకుని వెళ్లిపోయినప్పుడు మేమెవరమూ కంగారుపడలేదు. నెల రోజులపాటు ఇఫ్తార్ తర్వాత మాంసం ముక్కలు తిన్నది. పండుగనాడు ఎముకలు కూడా నమిలింది. ఇక దీనికి పాలన్నం ఎక్కడ రుచిస్తుందిలే అనుకున్నాం. "రుచి మరిగింది. ఆకలైతే అదే తింటుంది" అన్నారు మా అమ్మీ. మేమూ తలూపాం.

మా ఇంటి చిన్నపిల్ల ఒక్కతే ఒప్పుకోలేదు. "అది తినాలనే వస్తోంది, దాదీ. నోరు పెట్టగానే వెనక్కి లాక్కుంటోంది" అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఊరుకోమన్నాం.

మూడవ రోజు ఉదయం మోతీ మంచం కింది నుంచి బయటికి రాలేదు. గడ్డం కింద వెంట్రుకలు చొంగతో తడిసి ఉన్నాయి. ముందుకాలితో మాటిమాటికీ మూతిని గీరుకుంటోంది. అప్పుడు గాని మాకు భయం పుట్టలేదు. ఊళ్లోని పశువైద్యుడు టార్చిలైటు వేసి నోటిలోపల చూశారు. పై దవడ పళ్ల మధ్య, అంగిలికి అడ్డంగా ఒక ఎముక ముక్క ఇరుక్కుని ఉంది. చుట్టూ వాచింది. మత్తు ఇచ్చి తీయవలసిందేనని, ఆలస్యం చేయవద్దని చెప్పి విజయవాడకు పంపారు. గంపలో పాత దుప్పటి పరిచి, పైన గుడ్డ కట్టి బస్సెక్కాం. బయటికి తీసిన ఆ ముక్క మన చిటికెన వేలి గోరంత కూడా లేదు. పండుగనాడు మేము ముద్దుగా పెట్టిన ఎముకే అది.

"ఆకలైతే అదే తింటుందనుకుని ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే, మీరు నాకు నోరు కాదు, కాలేయం చూపించవలసి వచ్చేది" అన్నారు అక్కడి వైద్యుడు. ఆ మాట మాకు ఒక పాఠం. ఈ నెల ఈ శీర్షికలో ఆ పాఠాన్నే మీతో పంచుకుంటున్నాం.

పిల్లికి ఉపవాసం లేదు

మనం సహరీకి తిని, సూర్యాస్తమయం వరకు సంకల్పంతో ఆగుతాం. మన శరీరం దానికి తట్టుకుంటుంది. పిల్లి శరీర నిర్మాణం వేరు. ఆహారం ఆగిపోగానే దాని శరీరంలోని కొవ్వు కరిగి పెద్దఎత్తున కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు అక్కడే పేరుకుని, కొద్ది రోజులలోనే కాలేయం పని చేయడం మానేస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. చెవుల లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెలుపు పసుపు రంగుకు తిరిగాయంటే ఆ వ్యాధి అప్పటికే ముదిరిందని అర్థం.

కాబట్టి పిల్లి విషయంలో రోజులు కాదు, గంటలు లెక్కించాలి. పెరిగిన పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి. 48 గంటలు ఎట్టి పరిస్థితిలోనూ దాటనివ్వకూడదు. చిన్న కూన అయితే సగం రోజు కూడా ఆగరాదు.

"తినడం లేదు" అని మనం ఒకే మాట అంటాం. ఆ మాట వెనుక మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. తినలేకపోవడం ఒకటి, తినడానికి భయపడడం రెండోది, తిననని మొండికేయడం మూడోది. మేము చేసిన పొరపాటు ఏమిటంటే, మొదటి దానిని మూడోదిగా భావించడం.

తినలేకపోవడం

ఆకలితో గిన్నె దగ్గరికి వచ్చి వెనక్కి తగ్గే పిల్లిని ముందుగా అనుమానించాలి. పంటి నొప్పి, నోటిపూత, గొంతులో ఎముక, మింగిన దారం, మలబద్ధకం, మూత్రపిండాల వ్యాధి, జ్వరం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. జలుబుతో ముక్కు మూసుకుపోయినా పిల్లి తినదు. ఎందుకంటే అది నాలుకకన్నా ముందు ముక్కుతో తింటుంది. వాసన తెలియని ఆహారం దానికి ఆహారమే కాదు.

కొన్ని లక్షణాలకు ఒక్క గంట కూడా వేచి చూడకూడదు. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోవడం, నోరు తెరిచి రొప్పడం, ఆగని వాంతులు, నోటి నుంచో మలద్వారం నుంచో దారం వేలాడటం అటువంటివి. వేలాడే దారాన్ని లాగకూడదు. లోపల పేగులు తెగే ప్రమాదం ఉంది.

మరొక జాగ్రత్త. టీకా వేయించని పిల్లి చొంగ కారుస్తూ, మింగలేక, నడవడిక మారి ఉంటే దాని నోట్లో వేలు పెట్టకండి. అది రేబిస్ కావచ్చు. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. మోతీకి ఏటా టీకా వేయిస్తున్నాం గనుక మేము ధైర్యం చేయగలిగాం.

జ్వరం తగ్గుతుందని మనం వాడే పారాసిటమాల్ మాత్రను పిల్లికి ఎన్నడూ ఇవ్వకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్రతో దాని ప్రాణం పోవచ్చు.

భయపడడం

ఎముక తీశాక, మూడు రోజులకు మళ్లీ చూపించమన్నారు. జగ్గయ్యపేట నుంచి విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు. నందిగామ దారిలోనే ఉంది కనుక ఆ మూడు రోజులు మోతీని ఆపా ఇంట్లో ఉంచాం. పుట్టిన ఇల్లే అయినా దానికి గుర్తులేదు. బియ్యం బస్తాల వెనుక దూరి కూర్చుంది. నోటిలో ఎముక లేదు, నొప్పికి మందు పడింది, అయినా ముట్టలేదు. మేము గిన్నెను దాని మూతి దగ్గరికి తోస్తే ఇంకా లోపలికి జరిగింది.

ఆపా మమ్మల్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశారు. మా ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటిని దాని పక్కన పరిచారు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా కోడిమాంసం ఉడికించి, ఎముకలు తీసి, గోరువెచ్చని రసంతో మెత్తగా నలిపారు. లోతైన గిన్నె బదులు చిన్న సాసరులో ఒక చెంచాడు పెట్టి, సాసరును పిల్లివైపు కాస్త వంచి పట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి కూర్చున్నారు. బలవంతం లేదు, పిలుపు లేదు. ఇషా నమాజు వేళ దాటాక నాలుక చప్పుడు వినిపించింది.

ఆ దృశ్యం మాకు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ను గుర్తుచేసింది. ఆయన వుజూ కోసం కోడలు కబ్షా నీళ్లు పోసి ఉంచారు. అంతలో ఒక పిల్లి వచ్చి ఆ నీళ్లు తాగబోయింది. ఆయన పాత్రను దానికి అందేలా వంచి, అది తాగేవరకు పట్టుకున్నారు. కోడలు ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అశుద్ధం కాదని, అది మన చుట్టూ తిరుగాడే ఇంటి జీవులలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పారని వివరించారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఈ ఉదంతం ఉంది. మనం పిల్లి అశుద్ధమా కాదా అన్న ధర్మసందేహం వరకే ఈ హదీసును చదువుతాం. ఆ పాత్రను వంచిన చేతిని గమనించం.

జబ్బు చేసినప్పుడు తిన్న ఆహారం మీద పిల్లికి విరక్తి కలుగుతుంది. ఆ వాసన రాగానే పాత బాధ గుర్తుకొస్తుంది. అందుకే దాని నిత్యాహారంలో చేదు మందులు కలపకూడదు. నోరు తెరిచి కుక్కితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, విరక్తీ పెరుగుతుంది. ఇల్లు మారడం, కొత్త బిడ్డ రావడం, పండుగ బంధువుల రద్దీ, ఇంకో పిల్లి రావడం ఇవన్నీ కూడా పిల్లిని గిన్నెకు దూరం చేస్తాయి. అటువంటప్పుడు అలికిడి లేని ఒక మూల, పాత దుప్పటి, గోరువెచ్చని ఆహారం అందించాలి. వాటితో పాటు గడియారం మీద ఒక కన్ను కూడా ఉండాలి. మరునాటి ఉదయానికి తినకపోతే వెంటనే తీసుకురమ్మని వైద్యుడు మాకు ముందే చెప్పారు.

మొండికేయడం

నొప్పి లేదు, భయం లేదు, ఆడుతోంది, తిరుగుతోంది, ఒక్క ఆహారాన్నే వద్దంటోంది. అప్పుడు మాత్రమే దానిని మొండితనం అనవచ్చు. అందులోనూ తప్పు మనదే కావచ్చు. మా ప్రాంతపు మార్చి, ఏప్రిల్ ఎండలకు పెట్టిన మాంసం గంటా రెండు గంటల్లో చెడుతుంది. మన ముక్కుకు తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది. కొద్దికొద్దిగా, రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. ఫ్రిజ్‌లో నుంచి తీసినదాన్ని గోరువెచ్చగా చేయండి. గిన్నెను ప్రతిసారీ కడగండి. దాని మలమూత్రాల తొట్టికి దూరంగా ఉంచండి. ఆహారం మార్చదలిస్తే పాతదానిలో కొత్తదానిని కొంచెం కొంచెంగా కలుపుతూ, వారం పది రోజులు తీసుకోండి.

పిల్లి నాలుకకు తీపి తెలియదు. షీర్ ఖుర్మా పెట్టి మురిపించనవసరం లేదు. పెద్దపిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. బిర్యానీ ముక్కలో, కూరలో ఉండే ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. ఉడికిన ఎముక నమిలితే పెళుసుగా చీలుతుంది. దాని ఫలితం మేము చూశాం.

మరొక విషయం తెలిశాక మేము సిగ్గుపడ్డాం. పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు. అది లోపిస్తే పిల్లికి చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండెజబ్బుకు ఈ లోపమే కారణమని అమెరికా శాస్త్రవేత్తలు 1987లో నిరూపించారు. మోతీ పాలన్నం వద్దంటే రుచి మరిగిందన్నాం. నిజానికి, మేము దానికి సరైన ఆహారమని భావించిన పాలన్నమే సరైనది కాదు.

అడగలేని అతిథి

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తిండీ నీళ్లూ పెట్టక, పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ వదలక చంపినందుకు నరకశిక్షకు గురైందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తలుపులు మూసిన ఇళ్లలో పిల్లిని పెంచే మనం ఈ హెచ్చరికను మరింత శ్రద్ధగా వినాలి. వీధిపిల్లి ఒక ఇంట్లో దొరక్కపోతే ఇంకో ఇంటికి పోతుంది. మన పిల్లికి మన చేయి తప్ప వేరే దారి లేదు.

ఆ బాధ్యతను ముస్లిం సమాజం ఎంత దూరం మోసిందో ఈజిప్టు చరిత్ర చెబుతుంది. 13వ శతాబ్దపు సుల్తాన్ బైబర్స్ దిక్కులేని పిల్లుల పోషణ కోసం కైరోలో ఒక తోటను విడిచి వెళ్లారు. కాలక్రమంలో తోట చేతులు మారింది. అయినా 19వ శతాబ్దిలో అక్కడ నివసించిన ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్ల రచయిత, న్యాయస్థానం ఆవరణలో ఖాజీ తరఫున పిల్లులకు రోజూ ఆహారం పెడుతున్నారని రాశాడు. తోట పోయినా బాధ్యత పోలేదు.

మన ప్రాంతంలో దారులు ఉన్నాయి. ప్రభుత్వ పశువైద్యశాలను ముందుగా సంప్రదించవచ్చు. పశువైద్య సహాయానికి 1962 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. విజయవాడ దాటాక గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. వెళ్లేటప్పుడు చివరిసారి ఎప్పుడు తిన్నది, ఏమి తిన్నది, నీళ్లు తాగుతోందా, మూత్రం పోస్తోందా అన్న నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లండి. వైద్యుడు మొదట అడిగేవి అవే.

మోతీ ఇప్పుడు బాగుంది, అల్హమ్దులిల్లాహ్. మునుపటిలాగే నిన్నటి చేపను ముట్టదు. ఆరోజు మా చిన్నపిల్ల రెండుసార్లు చెప్పిన మాటను మేము మొదటిసారే విని ఉంటే, ఆ మూగజీవికి రెండు రోజుల బాధ తప్పేది. అందుకు మా అమ్మీ ఆ బిడ్డను దగ్గరికి తీసుకుని క్షమించమని అడిగారు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లి గిన్నె బాధ్యత ఆ బిడ్డదే. గిన్నె నిండుగా మిగిలితే ఎంత రాత్రయినా మమ్మల్ని లేపి చెబుతుంది. మేము లేస్తాం.

నోరులేని జీవుల బాధను సకాలంలో గ్రహించే చూపును, చెప్పే చిన్నవారి మాటను వినే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.