తపస్కాలం కట్టడ ఎవరికి, ఎంతవరకు?



విభూది బుధవారం ఉదయం పూజ ముగించుకొని, నుదుట బూడిదతోనే ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళు మన సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఉంటారు. అలాంటి ఒక అమ్మ ఓ.పి. బెంచీ మీద కూర్చుని ఉందనుకోండి. వయసు అరవై ఎనిమిది. ఏళ్ళ తరబడి షుగరు, బి.పి. ఉన్నాయి. "పొద్దున మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని నర్సు అడిగితే, "ఒక్కపొద్దు గదా బిడ్డా. మాత్ర ఏస్కుంటే ఏదన్న తినాలె. తింటే ఒక్కపొద్దు పోతది" అంటుంది. పక్కనే కొడుకు నిలబడి ఉంటాడు. ముప్పయి అయిదేళ్ళవాడు, ఏ జబ్బూ లేనివాడు. అమ్మను లోపల కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, వడ తిని వచ్చాడు. మరి నీ ఒక్కపొద్దు సంగతేమిటని అడిగితే, "మా ఇంట్ల అమ్మ ఉంటది" అంటాడు.

తిరుసభ చట్టం ప్రకారం ఆ రోజు ఒక్కపొద్దు ఉండవలసినవాడు ఆ కొడుకు. అమ్మకు ఆ బాధ్యత లేనే లేదు. మన ఇళ్ళలో తపస్కాలం ఇలా తలకిందులైంది. మోయలేనివారి నెత్తిన బరువు పెట్టి, మోయగలిగినవాళ్ళం పక్కకు తప్పుకుంటున్నాం. ఈ మాట కొందరికి నొప్పి కలిగించవచ్చు. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే ఇందులో పెద్దవాళ్ళ ప్రాణం ఉంది, మిగతావాళ్ళ ఆత్మరక్షణ ఉంది.

తిరుసభ అడిగేది ఎంత?

ఇప్పుడు అమలులో ఉన్న తిరుసభ చట్టం 1983లో వచ్చింది. దాని ప్రకారం సంవత్సరం మొత్తంలో ఒక్కపొద్దు తప్పనిసరి అయిన రోజులు రెండే: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం. 18 ఏళ్ళు నిండినవారు మొదలుకొని 59 ఏళ్ళు నిండేవరకు ఈ కట్టడ వర్తిస్తుంది. ఒక్కపొద్దు అంటే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండడం కాదు. కడుపునిండా ఒక్కసారి భోజనం చేయవచ్చు. ఉదయం, సాయంత్రం కొద్దిగా ఏదైనా తీసుకోవడాన్ని తిరుసభ వద్దనలేదు.

శుద్ధభోజనం, అంటే మాంసం మానడం, పై రెండు రోజులతో పాటు తపస్కాలంలోని శుక్రవారాలన్నిటికీ వర్తిస్తుంది. 14 ఏళ్ళు నిండినవారందరూ పాటించాలి. దీనికి పై వయోపరిమితి లేదు. చేపలు, గుడ్లు, పాలు, పెరుగు నిషేధం కాదు.

వీటితో పాటు ఎప్పుడూ ఉండే కట్టడలు ఉన్నాయి. ఆదివారం దివ్యపూజలో పాల్గొనాలి. చావైన పాపాలుంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలి. పాస్క కాలంలో ఒక్కసారైనా దివ్యసత్ప్రసాదం స్వీకరించాలి.

అంతే. వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవి, అంటే నలభై రోజులూ మాంసం ముట్టకపోవడం, పూలు పెట్టుకోకపోవడం, కొత్తబట్టలు కట్టకపోవడం, మన పెద్దలు భక్తితో ఏర్పరచుకొన్న ఆచారాలు. మంచివే. చేయగలిగినవారు చేయాలి. కానీ ఆచారాన్ని కట్టడ అనుకొని, చేయలేకపోయినందుకు పాపం చేశామని కుమిలిపోనవసరం లేదు.

మరి నలభై రోజుల ఒక్కపొద్దు ఎక్కడిది అని అడుగుతారు. మన తాతమ్మల కాలంలో 1917 నాటి చట్టం ఉండేది. ఆ చట్టంలో ఆదివారాలు తప్ప తపస్కాలమంతా ఒక్కపొద్దు దినాలే. 1966 ఫిబ్రవరిలో ఆరవ పౌలు పాపుగారు ఆ నియమాలను సడలించారు. ప్రాయశ్చిత్తం వద్దని కాదు. కడుపు మాడ్చుకోవడంతోనే అయిపోయిందనుకోక, ప్రార్థనతో, దానధర్మాలతో దాన్ని నింపుకోవాలని. చట్టం మారి దశాబ్దాలు గడిచినా చాలా ఇళ్ళలో ముసలమ్మలు పాత లెక్కే పట్టుకొని ఉన్నారు. వాళ్ళకు చెప్పేవారు లేక.

జబ్బుతో ఉన్నవారికి

శరీరానికి హాని కలిగేచోట ఒక్కపొద్దు కట్టడ ఎవరినీ బంధించదు. షుగరు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, క్షయకు మందులు వాడుతున్నవారు, ఆపరేషన్ అయి కోలుకుంటున్నవారు, గర్భిణులు, బాలింతలు ఒక్కపొద్దు ఉండనవసరం లేదు. సందేహముంటే విచారణ గురువులను అడగండి. ఒక నియమానికి మినహాయింపు ఇచ్చే అధికారం, దాని బదులు మరో పుణ్యకార్యం చెప్పే అధికారం వారికి ఉన్నాయి. మన ముస్లిం సోదరుల రంజాన్ ఉపవాసాల్లోనూ రోగులకు మినహాయింపు ఉంది. 2025లో రెండు ఉపవాస కాలాలూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. ఆ నెలంతా షుగరు రోగులకు ఇరువైపులా చెప్పవలసింది ఒకే మాట.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, షుగరు రోగికి ప్రమాదం రెండు వైపుల నుంచి వస్తుంది. మాత్ర మానేస్తే షుగరు పెరిగిపోతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ తీసుకొని తినకపోతే షుగరు పడిపోతుంది. 70 కంటే తగ్గితే చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం కనిపిస్తాయి. ఇంకా తగ్గితే స్పృహ తప్పుతుంది. గుడిలో సిలువమార్గం జరుగుతుండగా ఎవరైనా ఇలా అయితే, తెలివితో ఉన్నంతవరకు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

బి.పి. మాత్రలు, ఫిట్స్ మాత్రలు ఒక్కరోజు కూడా మీ అంతట మీరు మానవద్దు. పవిత్ర శుక్రవారం మార్చి 20కీ ఏప్రిల్ 23కీ మధ్య వస్తుంది. ఎండ ముదిరే రోజులవి. వీధుల్లో సిలువమార్గం నడిచేవారు వెంట నీళ్ళసీసా పెట్టుకోండి. నీళ్ళు తాగితే ఒక్కపొద్దు చెడదు.

ఇంకొక అపోహ. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్నది నియమం. అయితే మంచినీళ్ళకు, మందులకు ఈ నియమం అడ్డు కాదు. వృద్ధులు, రోగులు, వారికి సేవచేస్తున్నవారు ఆ గంటలోపు ఏదైనా తిన్నా సత్ప్రసాదం స్వీకరించవచ్చు. వార్డులో రాత్రంతా మేలుకొన్న కోడలికి, డ్యూటీలో ఉన్న నర్సమ్మకు కూడా ఇది వర్తిస్తుంది. అలాగే తీవ్రమైన జబ్బువల్ల, లేదా రోగిని వదిలి రాలేక ఆదివారం పూజకు రాలేకపోతే అది పాపం కాదు.

"అయితే నా భక్తి ఏం గావాలె?" అని ఆ అమ్మ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. అమ్మా, వేళకు మాత్ర వేసుకొని, వేళకు తిని, ఆ జబ్బు పెట్టే బాధను ప్రభువు శ్రమలతో కలిపి ఒప్పగించు. నీ తపస్సు అది. రాత్రి సీరియల్ ఒకటి మానుకొని జపమాల చెప్పుకో. మాట్లాడక మానేసిన చెల్లెలికి ఫోన్ చెయ్యి. ఇది ఒక్కపొద్దు కంటే కష్టమని నీకే తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారికి

ఇక ఆ కొడుకు సంగతి. నిజానికి ఈ వ్యాసం ఎక్కువగా అతనికోసమే.

శుక్రవారం మటన్ మాని కొరమీను పులుసు వండుకుంటే చట్టం తప్పలేదు. హోటల్లో పనీర్ బిర్యానీ తెప్పించుకున్నా తప్పలేదు. కానీ ఖర్చు తగ్గలేదు, రుచి తగ్గలేదు. మరి తగ్గించుకొన్నదేమిటి? మత్తయి సువార్త 6వ అధ్యాయంలో క్రీస్తు ప్రభువు దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ ఒకేచోట ఉంచి బోధించారు. మూడూ గుట్టుగా చేయమన్నారు. యెషయా ప్రవచనం 58వ అధ్యాయంలో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడం, అణగారినవానిని విడిపించడం. ఒక్కపొద్దున మిగిలిన భోజనం డబ్బు మన జేబులోనే ఉండిపోతే అది పొదుపు. మరొకరి కంచంలోకి వెళితేనే ఉపవాసం.

ఆ డబ్బు ఎటు వెళ్ళాలో వెతుక్కోనవసరం లేదు. ఏ ఆసుపత్రి మందుల షాపు ముందు అయిదు నిమిషాలు నిలబడినా తెలుస్తుంది. పదిహేను రోజుల చీటీ ఇస్తే అయిదు రోజుల మందులు మాత్రమే కట్టించుకొని వెళ్ళేవారు కనబడతారు. మిగతా పది రోజుల మందులు మన తపస్కాలం కావచ్చు. రక్తదానం కూడా గొప్ప దానమే. 18 ఏళ్ళు నిండి, 45 కిలోలకు తగ్గని బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారు చేయవచ్చు. అయితే ఒక్కపొద్దు రోజున ఖాళీ కడుపుతో ఇవ్వవద్దు. మరో రోజు తిని రండి.

మద్యం గురించి ఒక మాట. తపస్కాలంలో నలభై రోజులు మానేసి, పాస్క పండుగ రాత్రి మొదలుపెట్టేవారున్నారు. నలభై రోజులు ఉండగలిగినవారు నలభై ఒకటో రోజూ ఉండగలరు. ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే ఏ వరం కోరుకుంటుందో అందరికీ తెలుసు. అయితే ప్రతిరోజూ బాగా తాగే అలవాటున్నవారు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పవచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. కనుక విభూది బుధవారానికి ముందే డాక్టరును కలిసి, మందుల సాయంతో ఆపండి. సిగ్గుపడవలసిన పని లేదు.

పిల్లల విషయం. తపస్కాలంలోనే ఇంటర్, పదో తరగతి పరీక్షలు వస్తాయి. 18 నిండని పిల్లలకు ఒక్కపొద్దు కట్టడ లేదు. మార్కులకోసం మొక్కుకొని పస్తులుండి పరీక్షకు వెళ్ళవద్దని చెప్పండి. తపస్సు అర్థం వారికి నేర్పే బాధ్యత మాత్రం తల్లిదండ్రులది. సెల్‌ఫోన్ గంటసేపు పక్కన పెట్టి, నాయనమ్మ దగ్గర కూర్చుని బైబిలు చదివి వినిపించమనండి.

మంచం మీద ఉన్నవారి పాస్క

అన్నిటికంటే ఎక్కువగా మరచిపోతున్న బాధ్యత ఇది. ఇంటిల్లిపాదీ మ్రానికొమ్మలు పట్టుకొని గుడికి వెళతాం. పక్షవాతంతో మంచాన పడిన తాత ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. ఆయనకూ పాపసంకీర్తనం కావాలి, పాస్క సత్ప్రసాదం కావాలి. ఆయన గుడికి రాలేడు. స్వామివారిని ఇంటికి పిలవవలసింది మనమే. తపస్కాలం మొదటి వారాల్లోనే విచారణలో పేరు రాయించండి. ఆఖరి నిమిషం దాకా ఆగవద్దు. పవిత్ర శుక్రవారం రోగులకు సత్ప్రసాదం తీసుకువస్తారు గానీ, పవిత్ర శనివారం మరణావస్థలో ఉన్నవారికి తప్ప ఇవ్వరు.

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటే ఇంకా భయపడేవారున్నారు. స్వామివారు తైలంతో వస్తే ఇక ఆశ లేనట్టేనని, రోగి చూస్తే బెదిరిపోతాడని చివరి శ్వాసదాకా ఆపుతారు. అప్పటికి రోగికి తెలివి ఉండదు. ఈ సంస్కారం మరణించేవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. జబ్బువల్లగానీ వృద్ధాప్యంవల్లగానీ ప్రమాదం మొదలైనప్పుడే తీసుకోవచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ముందూ తీసుకోవచ్చు. రోగి తానే జవాబులు చెబుతూ స్వీకరిస్తే ఆయన ముఖంలో వచ్చే శాంతిని చూసినవారు మళ్ళీ భయపడరు.

కాబట్టి ఈ తపస్కాలంలో ప్రతి కుటుంబం ఒక్క పని చేయాలని మనవి. విభూది బుధవారానికి ముందు రాత్రి అందరూ కలిసి కూర్చోండి. ఒక్కపొద్దు ఎవరెవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు, ఎవరి మాత్రలు ఎవరు చూసుకోవాలి, మిగిల్చిన డబ్బు ఎవరికి ఇవ్వాలి, స్వామివారిని ఎప్పుడు పిలవాలి, అన్నీ అక్కడే తేల్చుకోండి. మరునాడు ఉదయం కొడుకు ఒక్కపొద్దు ఉండి, అమ్మకు తన చేత్తో ఇడ్లీ పెట్టి, మాత్ర ఇచ్చి గుడికి తీసుకువెళితే, ఆ ఇంట్లో తపస్కాలం సరిగ్గా మొదలైనట్టు.

శ్రమలనుభవించి ఉత్థానుడైన ప్రభువు మీ ఇళ్ళలోని రోగులకు స్వస్థతను, మిగతావారికి సేవచేసే మనసును దయచేయునుగాక. ఆమెన్.