వందేళ్ళ డేటా, కోట్ల ఏళ్ళ రాయి

భూకంపాల మ్యాప్‌లో ఒకచోట చుక్కలు తక్కువుంటే అక్కడ భయం లేదనుకుంటాం. ఒక ప్లేటు ఇంకో ప్లేటు కిందికి దూరే చోట, అంటే సబ్‌డక్షన్ జోన్లలో, ఇలా అనుకోవడం చాలా ప్రమాదం అని నా అభిప్రాయం. అక్కడి నిశ్శబ్దానికి రెండు అర్థాలుంటాయి. రెండు ప్లేట్లూ సాఫీగా జారిపోతూ ఉండొచ్చు. లేదా ఒకదానికొకటి ఇరుక్కుపోయి, ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున బిగుసుకుంటూ ఉండొచ్చు. సైస్మోగ్రాఫ్‌లో మాత్రం రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

1980లో లారీ రఫ్, హిరూ కనమోరి ఒక సంబంధం చూపించారు. కిందికి వెళ్ళే ప్లేటు వయసులో చిన్నదై, వేగంగా కదిలితే పెద్ద భూకంపాలు వస్తాయి. పాతబడి చల్లారిన ప్లేటు బరువెక్కి తనంతట తానే మునుగుతుంది, పై ప్లేటుని అంతగా నొక్కదు, కాబట్టి అక్కడ మహా భూకంపాలు రావు. లాజిక్ బాగుంది, అప్పటి డేటాకీ సరిపోయింది. మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే రెండు ఫీచర్లు, ఒక లీనియర్ మోడల్.

2004 డిసెంబర్ 26న సుమత్రా–అండమాన్ దగ్గర ఆ మోడల్ విరిగిపోయింది. అక్కడ మునిగే ప్లేటు పాతది, వేగమూ తక్కువే. నికోబార్ వైపు తెలిసిన పెద్ద భూకంపాల్లో ఒకటి 1881 నాటిది, తీవ్రత దాదాపు 7.9. ఈసారి వచ్చింది 9.1. అంటే విడుదలైన శక్తి సుమారు 60 రెట్లు. దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా ప్లేట్ల సరిహద్దు చీలిపోయింది. రెండు లక్షలకు పైగా మనుషులు చనిపోయారు.

సుమత్రాలో కొలతలు తక్కువ, అందుకే తెలియలేదు అనొచ్చు. మరి జపాన్ సంగతేంటి? అడుగడుగునా పరికరాలున్న దేశం అది. అక్కడ సముద్రపు అగాధం పక్కనుండే పైపొర నీళ్ళు పట్టిన మెత్తటి మట్టి. భూకంప తరంగాలు అందులో నెమ్మదిగా నడుస్తాయి, ఎస్ తరంగాలు ఇంకా నెమ్మదిగా. అంత మెత్తటి పొర ఒత్తిడిని దాచుకోలేదు, పెద్ద జారుడు అక్కడిదాకా రాదు అని చాలామంది నమ్మారు. పైగా జీపీఎస్ స్టేషన్లు నేలమీద ఉన్నాయి. అగాధమేమో తీరానికి చాలా దూరం. అక్కడేం జరుగుతోందో వాటికి సరిగ్గా కనబడదు.

2011 మార్చి 11న సరిగ్గా అక్కడే నేల సుమారు 50 మీటర్లు జారింది. మరుసటి ఏడాది చిక్యూ అనే నౌక దాదాపు 6,900 మీటర్ల లోతు నీళ్ళలో, సముద్రగర్భాన్ని ఇంకో 800 మీటర్లకు పైగా తవ్వి చూసింది. రెండు ప్లేట్ల మధ్య దొరికింది 5 మీటర్లు కూడా మందం లేని బంకమట్టి పొర. స్మెక్టైట్ నిండిన ఆ మట్టికి రాపిడి చాలా తక్కువ. లోపలి గట్టి రాయి ఒత్తిడిని దాచింది. మెత్తటి పొర చీలికని ఆపకపోగా దారిచ్చింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 869లో జపాన్‌లోని అదే తీరానికి పెద్ద సునామీ వచ్చింది. అది పాత చరిత్ర గ్రంథంలో ఉంది. సెండాయ్ మైదానంలో ఆ అలలు మోసుకొచ్చిన ఇసుక పొర కూడా ఉంది. 2011కి ముందే జియాలజిస్టులు దాన్ని తవ్వి చూపించారు. అంటే డేటా ఉంది. మనం తెరిచిన ఫోల్డర్‌లో లేదు, అంతే.

అలాగని ప్రతిచోటా 9 వస్తుందని వణికిపోవాలా? అక్కర్లేదు. ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు కూడా. నేననేది ఒక్కటే: గరిష్ఠంగా ఎంత రావచ్చు అనే అంకెని వందేళ్ళ రికార్డు చూసి గీసేయకూడదు. పాకిస్తాన్, ఇరాన్ తీరంలోని మక్రాన్ జోన్‌నే చూడండి. తూర్పు భాగంలో 1945లో 8.1 తీవ్రతతో భూకంపం, సునామీ వచ్చాయి. పడమటి భాగం నిశ్శబ్దంగా ఉంది. అది జారుతోందా, ఇరుక్కుందా అనేది తేలేదాకా ఇరుక్కుందనే అనుకుని సిద్ధపడటం మంచిది.

ఇది మనకి దూరపు విషయం కాదు. 2004లో అలలు విశాఖ, చెన్నై చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. అంత టైమున్నా హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థే లేదు. ఇప్పుడుంది. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఆ పని చేస్తోంది. కానీ మెసేజ్ హైదరాబాద్‌లో పుడితే సరిపోదు. ఊళ్ళో ఎటు పరిగెత్తాలో తెలిసుండాలి. ఒడిశాలో గంజాం జిల్లా వెంకట్రాయిపూర్ అలా డ్రిల్స్ చేసి, దారులు గుర్తుపెట్టుకుని, 2020లో యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు తెచ్చుకుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి మత్స్యకార గ్రామానికీ ఇది కావాలి.

మనలో చాలామంది 2004 తర్వాత పుట్టినవాళ్ళమే. ఆ రోజు మనకి గుర్తులేదు. ఎన్ఎస్ఎస్ క్యాంపుకి ఈసారి ఏదైనా తీరగ్రామానికి వెళ్తే మొక్కలతో పాటు ఒక మ్యాప్ కూడా తీసుకెళ్దాం. మెరక ఎక్కడుంది, ముసలివాళ్ళని ఎవరు తీసుకెళ్ళాలి, సైరన్ పనిచేస్తోందా అని ఊరివాళ్ళతో కూర్చుని రాద్దాం. దీనికి కోడింగ్ రానక్కర్లేదు, ఒక మధ్యాహ్నం చాలు.