జట్టు పెద్దయైన నాటి సంకోచము

ఇంటింటికి పోయి సరకులమ్మి నాలుగు రాళ్లు సంపాదించుకొను స్త్రీలు నేడు మన గుంటూరు, ప్రకాశము సీమలలో పెక్కండ్రు కలరు. కొందరు కంపెనీల సబ్బులు, పాత్రలు అమ్ముదురు. కొందరు డ్వాక్రా సంఘములలో తయారుచేసిన కారము, పచ్చళ్లు అమ్ముదురు. వీరిలో చక్కగా అమ్మిన యామెను పదిమందికి పెద్దగా నియమింతురు. చిత్రమేమన, నిన్నటివరకు జంకులేక వాకిలి తట్టిన యామెకే ఆ దినమునుండి గుండె జారును. "పిన్నిగారి యీడు వారిని నేను లెక్క యడుగుటయా? నాకేమి తెలియునని నా మాట విందురు?" అని తలపోయుచు రాత్రులు నిదుర కాచును. ఈ సంకోచమును గూర్చియే యీ మాసమున ముచ్చటింతము.

సంకోచము రెండు విధములని మా యభిప్రాయము. మొదటిది తన్ను గూర్చినది. రెండవది తానమ్ము సరకును, చేరిన వ్యాపారమును గూర్చినది. మొదటిది పని చేయుటచే పోవును. రెండవదానిని విచారించి తేల్చుకొనక విడువరాదు.

మొదటిదానికి మందు మన చేలలోనే కలదు. మిరపకోతల కాలమున తెల్లవారుజామున ఇంటింటికి పోయి కూలిజనమును కూడదీయు స్త్రీలు మన పల్లెలలో కనబడుచుందురు. రైతుతో కూలి మాటలాడునదియు, సాయంకాలము డబ్బు లెక్కించి పంచునదియు అట్టి యామెయే. ఆమెకు బిరుదము లేదు; ఉపన్యాసము రాదు. తానును ఒక సాలు పట్టి కోయును. పంచునపుడు లెక్క తప్పదు. అందుచేతనే ఆమెకంటె పెద్దలును ఆమె మాట విందురు.

గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు భర్త లక్ష్మీనారాయణగారితో కలసి 1922లో శారదానికేతనమును స్థాపించి స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులు నేర్పించిరి. ఆ కాలముననే గడప దాటి యెరుగని యిండ్ల స్త్రీలు ఖద్దరు మూటలు పట్టుకొని వీధులలో అమ్మిరి. తొలినాడు వారిలో ఎందరికి కాళ్లు వణకి యుండవు? వణకు తగ్గిన పిమ్మట బయలుదేరుదమని వారు కూర్చుండలేదు.

కావున క్రొత్తగా జట్టు పెద్దయైన సోదరికి మేము చెప్పునది స్వల్పము. క్రొత్తగా చేరిన యామెను ఒంటరిగా పంపక మొదటి నాలుగిండ్లకు వెంట పొండు. వారమునకొకసారి అందరిని కూర్చుండబెట్టి లెక్కలు పైకి చదువుడు. మొదట మీ లెక్కయే చదువుడు. అప్పుడు పిన్నిగారి లెక్క యడుగుట అగౌరవము కాదు, ఆమె వంతు వచ్చినదని మాత్రమే యర్థము. తెలియని ప్రశ్న వచ్చినచో "కనుగొని రేపు చెప్పెదను" అనుడు. మరునాడు తప్పక చెప్పుడు. మెప్పును నలుగురిలోను, తప్పును ఏకాంతమునను చెప్పుడు.

ఇక రెండవ సంకోచము. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ యింటింటి విక్రయములకు నిబంధనలు చేసినది. వాని ప్రకారము గుర్తింపు కార్డు లేక, ముందుగా అనుమతి పొందక కొనువారి యింటికి పోరాదు. మరికొందరిని చేర్చినచో ధర తిరిగి వచ్చునని చెప్పి కొనిపింపరాదు. మనుష్యులను చేర్చుటచే లాభము వచ్చు గొలుసు పద్ధతి నిషిద్ధము. డబ్బు చలామణి పథకములను 1978 నాటి చట్టమే నిషేధించినది. సరకు కదలక మనుష్యులు మాత్రము చేరుచున్నచో మీ మనస్సు కలతపడుట పిరికితనము కాదు, వివేకము. "నీకు ధైర్యము చాలదు" అని గద్దించువారి మాట వినకుడు.

ఏలయన, మీ మాట నమ్మి చేరిన పొరుగామె తెచ్చిన సొమ్ము పత్తితీత కూలియో, పాలమ్మిన డబ్బో యైయుండును. పోయిన డబ్బు మరల సంపాదింపవచ్చును గాని, వాకిట ముగ్గు వేయుచు పలుకరించుకొను చెలిమి చెడినచో మరల అతుకుట కష్టము. ఆ బాధ్యతను తలచి కొంత జంకుట మంచిదే. ఆ జంకుతోనే లెక్క పుస్తకము చేతబట్టి బయలుదేరుడు.