బృహన్నల వేషం, మారుపేరు స్నేహం

పబ్జీ వంటి ఆటలలో పురుషనామంతో ఆడే కన్యను అసత్యవాదినిగా నిందించే ధర్మజ్ఞులు పాతపట్నంలోనూ ఉన్నారు. నీలమణి దుర్గమ్మకు నమస్కరించి, ఆలయప్రాంగణం దాటకముందే ఆ మాట అనగలగడం వింతే! స్త్రీస్వరం వినబడగానే అసభ్యభాషణకు దిగేవారిని వీరెన్నడైనా నిందించారా?

విరాటపర్వం చూడండి. అజ్ఞాతవాసంలో ద్రౌపది సైరంధ్రి అయింది. దోషం ఆమె గోపనంలో లేదు, కీచకుని కామంలో ఉంది. అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నాట్యం నేర్పాడు. ఏడాది ముగిశాక విరాటుడు ఆమెను అర్జునునికే ఇవ్వబోగా, అతడు స్వీకరించలేదు. తనను ఆచార్యునిగా, తండ్రిగా నమ్మిన కన్య ఆమె. అందుకే అభిమన్యునికి అడిగి కోడలిని చేసుకున్నాడు. వేషంలో లభించిన విశ్వాసాన్ని తన సుఖానికి వినియోగించలేదు.

స్త్రీనామం ధరించి, అవతలివాని అనురాగం పెరుగుతున్నదని తెలిసీ మౌనం వహించి, కానుకలు పుచ్చుకునేవాడు మాత్రం వంచకుడే. ఐటీ చట్టం 66డి సెక్షన్ ఇట్టి మోసానికి 3 ఏళ్ల వరకు కారాగారం విధిస్తుంది. అనురాగం అంకురించిన నాడే నిజం చెప్పవలసిన ఋణం స్త్రీకీ, పురుషునికీ, తృతీయప్రకృతికీ సమానమే.

పేరు దాచిన పిల్లను తీర్పుకు నిలబెట్టే పెద్దలు ముందు తమ కుమారుల ఫోన్‌లో ఏ పేరున్నదో చూడాలి.